తెరను పలికించే భాష

లిపి కంటికి సంబంధించినది. భాష చెవికి సంబంధించినది. చూపు లేనివారి కోసం తెర మీది లిపిని మరల ధ్వనిగా మార్చి వినిపించే సాధనమే స్క్రీన్ రీడర్. తెరపై ఉన్న అక్షరాలనే గాక, ఏ మీట ఎక్కడ ఉన్నది, ఏ గడి ఎంపిక అయినది, జాబితాలో ఎన్ని అంశాలున్నవి అన్న వివరాలను కూడా అది పలుకుతుంది. అయితే లోకంలోని ప్రోగ్రాములన్నింటినీ ముందుగానే ఎరిగిన స్క్రీన్ రీడర్ ఏదీ లేదు. నిర్మాత పేరు పెట్టక విడిచిన మీట వద్దకు రాగానే అది "బటన్" అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. ఇటువంటి లోటును పూరించడానికి వాడుకరి గాని, అతని మిత్రుడు గాని వ్రాసి చేర్చే చిన్న ప్రోగ్రామును యాడ్-ఆన్ అంటారు. తన సాధనాన్ని తానే దిద్దుకొనే వీలు వాడుకరికి ఎంతవరకు ఉంటుందన్నది, ఆ యాడ్-ఆన్‌ను వ్రాయవలసిన భాషను బట్టి ఉంటుంది.

మేడ్చల్ సమీపంలోని రావల్కోల్ గ్రామం నుండి జూనియర్ కళాశాలకు వచ్చే, చూపు లేని ఒక విద్యార్థినిని ఊహించవచ్చు. ఆమెకు తెలుగు పాఠాల ప్రతి ఒకటి కంప్యూటరులో లభించింది. అది అను ఖతులలో కూర్చినది. చూసేవారికి అది అచ్చమైన తెలుగే. స్క్రీన్ రీడర్ మాత్రం అర్థం లేని ఆంగ్లాక్షరాలను, చిహ్నాలను వరుసగా పలుకుతుంది. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగు లిపికి ప్రత్యేక స్థానం ఉన్నప్పటికీ, అచ్చు పనికి వాడిన పాత ఖతులు ఆంగ్లాక్షరాల సంకేతాల మీదనే తెలుగు ఆకృతులను నిలిపి పని గడుపుకొన్నవి. వాటిలో ఒక అక్షరం తలకట్టు, కొమ్ము, ఒత్తు అనే ముక్కలుగా విడివడి ఉండవచ్చు. ఎడమవైపు నుండి చుట్టుకొని వచ్చే క్రారవడి తన హల్లు కంటే ముందే నిలువవచ్చు. పాత తెలుగు వ్రాతలోని వలపలగిలక దీనికి విలోమం: పలుకుబడిలో ముందు వచ్చే రేఫ వ్రాతలో హల్లు తరువాత నిలుస్తుంది. అలవాటుపడిన కన్ను ఇట్టి తారుమారును గమనించనైనా గమనించదు, యంత్రం మాత్రం ఉన్నది ఉన్నట్లే చదువుతుంది. కనుక ఆకృతుల వరుసను ఉచ్చారణ వరుసలోకి మార్చి అందించే యాడ్-ఆన్ ఆ విద్యార్థినికి అవసరం.

దానిని ఏ భాషలో వ్రాయాలి? ఈ ఎంపికలో పెద్దభాగం స్క్రీన్ రీడర్ నిర్మాత ముందుగానే చేసి ఉంటాడు. రోడ్డు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అమెరికాలో నెలకొల్పిన సంస్థ నుండి 1989లో వెలువడిన జాస్‌కు తనదే అయిన స్క్రిప్టు భాష ఉన్నది. అది ఆ పనికి చక్కగా అమరినదే గాని, నేర్చిన విద్య జాస్ వెలుపల ఎక్కడా అక్కరకు రాదు. జాస్ వెల కూడా సామాన్య విద్యార్థికి భారమే. మన దేశంలో పుట్టి, బాల్యం గడచేలోగా చూపు కోల్పోయిన టి.వి. రామన్ 1995లో ఈమాక్‌స్పీక్‌ను వెలువరించాడు. అది ఈమాక్స్ అనే సంపాదకానికి మాట నేర్పినది కనుక ఈమాక్స్ లిస్ప్ భాషలోనే సాగింది. ఆస్ట్రేలియాలో 2006లో మైఖేల్ కరన్ ఆరంభించగా జేమ్స్ టే చేయి కలిపిన ఎన్.వి.డి.ఎ. ఉచితం, దాని మూలప్రతి అందరికీ బాహాటం. ఆ ఇద్దరూ చూపు లేనివారే. వేగం కావలసిన కొన్ని భాగాలను సి ప్లస్ ప్లస్‌కు విడిచి, తక్కిన దానిలో అధికభాగాన్ని పైథాన్‌లో వ్రాశారు. యాడ్-ఆన్‌లకూ అదే భాష.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. అనేక భాషలలో ఆజ్ఞల సముదాయం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కుండలీకరణాలు తెలుపుతాయి. పైథాన్‌లో దానిని తెలిపేది పంక్తి మొదట విడిచే ఖాళీ. ఒక ఖాళీ తప్పితే అర్థమే మారవచ్చు, లేదా ప్రోగ్రాము నడవకనే పోవచ్చు. చూపు లేనివారికి ఇంతకంటే తగని భాష ఉండదని తోచడం సహజం. ఆ అభిప్రాయం నిలువదు. ఎన్.వి.డి.ఎ. కోరినప్పుడు పంక్తి మొదటి ఖాళీలను లెక్కించి చెబుతుంది. లేదా స్వరంగా వినిపిస్తుంది. ఖాళీ పెరిగినకొద్దీ స్వరం హెచ్చుతుంది. సంగీతం నేర్చిన చెవి ఆరోహణ అవరోహణలను పట్టినట్లు, వినేవారు ప్రోగ్రాము లోతును పట్టగలరు. పైగా పంక్తి పంక్తికీ కుండలీకరణాలను, అర్ధవిరామాలను వినవలసిన శ్రమ తగ్గుతుంది. చెవితో చదివేవారికి ఒక పంక్తిలో పలుకవలసిన గుర్తులు తక్కువగా ఉండటం చిన్న సౌకర్యం కాదు.

తెలుగు దృష్టితో మరొకటి గమనింపదగినది. పైథాన్ రెండవ అవతారంలో వచనం రెండు రకాలు: యూనికోడ్ వచనం, వట్టి సంకేతాల వరుస. రెండింటినీ కలిపినచోట తెలుగు అక్షరాలు తరచు చిక్కు తెచ్చేవి. 2008లో వచ్చిన మూడవ అవతారంలో వచనమంతా యూనికోడే. అయితే ఈ లాభం ఉచితంగా రాలేదు. 2020 జనవరి 1తో రెండవ పైథాన్ పోషణ ఆగిపోగా, ఆ ఏడాది ఫిబ్రవరిలో వెలువడిన ఎన్.వి.డి.ఎ. మూడవ పైథాన్‌కు మారింది. అప్పటికి దిద్దని యాడ్-ఆన్‌లు పనిచేయడం మానివేశాయి. వ్రాసినవాడు విడిచిపెట్టిన యాడ్-ఆన్ మీదనే ఉద్యోగం సాగించేవారికి అది చిన్న కష్టం కాదు. మూలప్రతి బాహాటంగా ఉంటే మరొకరు దిద్దగలరు. లేనప్పుడు గత్యంతరం లేదు. 2017లో విండో-ఐస్ అనే స్క్రీన్ రీడర్ నిలిచిపోయినప్పుడు దానికై వ్రాసిన స్క్రిప్టులు కూడా నిరాధారమైనవి.

పైథాన్ యాడ్-ఆన్‌కు కంప్యూటరుపై విస్తారమైన అధికారం ఉంటుంది. అపరిచితులది చేర్చుకొనేటప్పుడు జాగ్రత్త అవసరం. రావల్కోల్ విద్యార్థిని మాత్రం తనదే వ్రాసుకొంటున్నది. ఆమె ముందుగా పేరు లేని ఒక్క మీటకు పేరు పెట్టడంతో ఆరంభించవచ్చు. ఏ ప్రోగ్రామును దిద్దదలచిందో ఆ ప్రోగ్రాము పేరుతోనే ఒక పైథాన్ ఫైలును సృష్టించి, అందులో ఆ మీట పలుకవలసిన పేరును వ్రాయాలి. పిదప ఎన్.వి.డి.ఎ. మీటతో కంట్రోల్, ఎఫ్-3 మీటలను కలిపి నొక్కితే చాలు, కంప్యూటరును ఆపి మరల నడపకనే మార్పు చెవికి తెలుస్తుంది. తరువాతిది అను ఖతి పట్టిక. ఒకవైపు పాత సంకేతం, మరొకవైపు తెలుగు అక్షరం. ఇట్టి పట్టికను పైథాన్ డిక్షనరీ అంటుంది. అందులో సూటిగా మారే అక్షరాలు త్వరగానే పూర్తవుతాయి. ఒత్తులు, క్రారవడి వద్దకు వచ్చేసరికి పని మందగిస్తుంది.