కొత్తిమీర ఎందుకు మొండికేస్తుంది?

డబ్బాలోని ధనియాలు గుప్పెడు తీసి కుండీలో చల్లారు. రోజూ నీళ్లు పోశారు. వారం గడిచినా ఒక్క మొలకా లేదు. ఎందుకు?

ఒక ధనియాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. గుండ్రంగా, నిలువు గీతలతో ఉంటుంది. నిజానికి అది ఎండిన కాయ. లోపల రెండు విత్తనాలు ఎదురెదురుగా అతుక్కుని ఉంటాయి. పెంకు గట్టిది, నీరు మెల్లగా దిగుతుంది. అందుకే రైతులు ధనియాలను రుద్ది, రెండు బద్దలు చేశాకే చల్లుతారు. మీరు అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తితే చాలు, పొడి కాకూడదు. రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున విత్తండి. మొలవడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. వేయించిన ధనియాలు మాత్రం మొలవవు.

కొత్తిమీర తల్లివేరు నిటారుగా దిగుతుంది. పీకి వేరేచోట నాటితే ఆ వేరు దెబ్బతిని మొక్క వాడిపోతుంది. కాబట్టి పెరగాల్సిన చోటే విత్తాలి. కుండీ జానెడు లోతైనా ఉండాలి.

మరి వేసవిలో? వేడి పెరిగి, పగలు పొడవైతే మొక్క ఆకులు తగ్గించి పూతకు తొందరపడుతుంది. వెడల్పాటి ఆకులు సోంపు ఆకుల్లా సన్నబడతాయి. మధ్యాహ్నం నీడ పడేలా చూడండి, రెండు మూడు వారాలకోసారి కొత్తగా విత్తండి.

పూసిన మొక్కను మాత్రం పీకేయకండి, పాపం! ఆ చిన్న తెల్లపూలకు తేనెటీగలు వస్తాయి. తర్వాత పచ్చి ధనియాలు కాస్తాయి. ఒకటి నలిపి వాసన చూడండి: ఆకు ఘాటు ఇంకా అందులోనే ఉంటుంది.