పుట్టుకా? నడతా? – షానామాలోని జహ్హాక్ పాత్ర

కథ ఏ భాషలోనిదైనా అందులో నాయకుడు ఎంత అవసరమో, ప్రతినాయకుడూ అంతే అవసరం. మాంత్రికుడు లేని దాస్తాన్ లేదు. రాక్షసుడు లేని పురాణం లేదు. వింటున్నంతసేపు దుష్టుణ్ణి చూసి భయపడతాము, చివరకు అతడు ఓడిపోతే సంతోషిస్తాము. అయితే అతడు దుష్టుడుగానే పుట్టినాడా, లేక క్రమంగా దుష్టుడైనాడా అని సాధారణంగా ఆలోచించము. ఈ ప్రశ్నను పరిశీలించడానికి పారశీక మహాకావ్యమైన షానామాలోని జహ్హాక్ పాత్రను మేము ఎన్నుకొన్నాము. ఈ ఒక్క పాత్ర విషయంలోనే పూర్వగ్రంథం ఒక సమాధానం చెప్పగా, తరువాతి కవి మరొక సమాధానం చెప్పినాడు.

షానామా కర్త ఫిర్దౌసి మన పాఠకులకు కొత్తవాడు కాడు. ఉర్దూ, ఫారసీ చదివినవారికి ఆయన కావ్యం ద్వారా పరిచయం. తెలుగువారికి గుర్రం జాషువా 1932లో వెలువరించిన ‘ఫిరదౌసి’ ఖండకావ్యం ద్వారా ఆత్మీయుడు. దాదాపు 50,000 ద్విపదలు గల షానామా రచన 1010లో పూర్తి అయినదని పండితుల నిర్ణయం.

ముందుగా పూర్వగాథను చూద్దాము. జరతుష్ట్ర మతస్థుల పవిత్రగ్రంథమైన అవెస్తాలో ఇతని పేరు అజి దహాక. ‘అజి’ అంటే సర్పం. సంస్కృతంలోని ‘అహి’ శబ్దానికి ఇది తోబుట్టువు. మూడు తలలు, మూడు నోళ్లు, ఆరు కన్నులు గల ఆ ఘోరసర్పాన్ని లోకనాశనం కొరకు దుష్టశక్తి అయిన అంగ్ర మైన్యు సృష్టించినాడు. అక్కడ ప్రశ్నకు తావే లేదు. అది చెడుగా పుట్టినది, చెడునే చేసినది. దానిని వధించడమే వీరుని ధర్మం.

ఫిర్దౌసి ఆ సర్పాన్ని మనిషిని చేసినాడు. మనిషిని చేసిన వెంటనే అతనికి తండ్రిని, బాల్యాన్ని, మనస్సును ఇవ్వవలసి వచ్చినది. షానామాలో జహ్హాక్ అరబ్బు దేశపు రాజకుమారుడు. తండ్రి మర్దాస్ దైవభక్తి గలవాడు, దాత. పాడి కావలసినవారికి తన మందలలోని పశువుల పాలు ధారాళంగా ఇచ్చేవాడు. అటువంటి తండ్రికి పుట్టిన కుమారుడు ధైర్యశాలియే, కాని చపలచిత్తుడు. అతనిలో మనకు కనిపించే లోపం క్రూరత్వం కాదు, నిలకడ లేకపోవడం.

ఇబ్లీస్ అతని వద్దకు హితైషి వేషంలో వస్తాడు. మొదట మంచి మాటలతో ఆకట్టుకొని, తాను చెప్పబోయేది ఎవరికీ చెప్పరాదని, తన మాట వినవలెనని ప్రమాణం చేయించుకొంటాడు. ప్రమాణం ముందు, విషయం తరువాత! ఆ పిదప తండ్రిని తొలగించి సింహాసనం ఎక్కమంటాడు. జహ్హాక్ వెంటనే అంగీకరించలేదన్నది గమనింపదగినది. ఇది తగని పని అన్నాడు. కాని మాట తప్పినవాడవు అవుతావని ఇబ్లీస్ బెదిరించగా లొంగిపోయినాడు. తెల్లవారక ముందే తోటలోకి ప్రార్థనకు వెళ్లే తండ్రి దారిలో ఇబ్లీస్ గోయి తవ్వి పైన కప్పినాడు. జహ్హాక్ తన చేతితో తండ్రిని చంపలేదు. తెలిసి మౌనంగా ఉన్నాడు, అంతే.

రెండవ మారు ఇబ్లీస్ వంటవాడై వస్తాడు. ఆ కాలపు జనం మాంసాహారానికి అంతగా అలవాటు పడలేదని కవి చెబుతాడు. గ్రుడ్డులోని పచ్చసొనతో మొదలుపెట్టి, పక్షిమాంసం, గొర్రెపిల్ల మాంసం, దూడమాంసం – ఇట్లా మెట్టు మెట్టుగా రుచులు చూపుతాడు. సంతుష్టుడైన రాజు వరమిస్తానంటే, భుజాలను ముద్దు పెట్టుకొనే అనుమతి చాలునంటాడు. ఆ ముద్దులు తగిలిన చోట రెండు నల్లని పాములు మొలుస్తాయి. కోసినకొద్దీ అవి మళ్లీ మొలుస్తూనే ఉన్నాయి. మూడవ మారు ఇబ్లీస్ వైద్యుడై వచ్చి, వాటికి మనుషుల మెదళ్లు ఆహారంగా పెట్టుమని చికిత్స చెబుతాడు. పూర్వం అవెస్తాలో సర్పమే దుష్టుడు. షానామాలో సర్పం దుష్టుని భుజం మీద తరువాత మొలిచినది. రెండు సమాధానాలకు గల భేదమంతా ఇందులోనే ఉన్నదని మా అభిప్రాయం.

ఇందులో ఇతరుల పాత్ర కూడా లేకపోలేదు. ఇరాన్ రాజు జంషీద్ గర్వాంధుడై తానే దైవమని ప్రకటించుకొన్నప్పుడు, విసిగిన ప్రముఖులు జహ్హాక్‌ను స్వయంగా పిలిచి కిరీటం పెట్టినారు. ఒక దోషాన్ని వదిలించుకొనే తొందరలో మరొక దోషానికి పట్టం కట్టినారు. ఆ తరువాత వేయి సంవత్సరాలు దినానికి ఇద్దరు యువకుల ప్రాణాలు పాములకు బలి అయినవి.

ఇంతకూ ఇబ్లీసే కారణమైతే జహ్హాక్ నిరపరాధి కాడా అని ఒక ఆక్షేపణ రావచ్చు. కాదని మా సమాధానం. ఇబ్లీస్ ప్రతిసారీ అడిగినాడు. ప్రతిసారీ జహ్హాక్ అనుమతించినాడు. కాదనగల అవకాశం ప్రతి మెట్టు వద్దనూ ఉన్నది. పుట్టుకతోనే దుష్టుడైతే అతనిపై నేరం మోపడం కష్టం. పాము కరచినదని ఎవరూ పామును న్యాయస్థానానికి ఈడ్వరు. అతడు మనిషి గనుకనే దోషి. ఎట్లా చెడినాడో వివరించడం అతనిని క్షమించడం కాదు. కమ్మరి కావా కథ దీనికి నిదర్శనం. తాను న్యాయంగానే పాలించినానని పెద్దలచేత సంతకాలు చేయించుకొంటున్న జహ్హాక్ సభకు, కొడుకులను పోగొట్టుకొన్న కావా వచ్చి, మిగిలిన ఒక్క కుమారుని విడిపించుకొన్నాడు. కాని సంతకం చేయుమంటే ఆ పత్రాన్ని చించివేసినాడు. అతని తోలు గుడ్డయే తిరుగుబాటు పతాకమైనది. ఫరీదూన్ నాయకత్వంలో జహ్హాక్ ఓడి, దమావంద్ పర్వతంలో బంధింపబడినాడు.

ఇక ఈ కావ్యంలోనే, చాలామంది గమనించని ఒక విశేషం ఉన్నది. జహ్హాక్ వంశం అతనితో అంతం కాలేదు. కాబూలు పాలకుడు మెహ్రాబ్ అతని సంతతివాడు. మెహ్రాబ్ కుమార్తె రూదాబాను ఇరాన్ వీరుడు జాల్ ప్రేమించినప్పుడు, ఆ దుష్టవంశపు పిల్ల మనకు తగదని తండ్రి సామ్ కలవరపడినాడు. రాజు మనూచెహ్ర్ ఆ వంశం మళ్లీ తల ఎత్తుతుందేమోనని భయపడినాడు. చివరకు వివాహం జరిగినది. పుట్టినవాడు ఎవరు? రుస్తుం! ఇరాన్‌ను ఎన్నో పర్యాయాలు కాపాడిన మహావీరుడు, ‘రుస్తుం–ఎ–హింద్’ అని మన మల్లయోధులకు బిరుదుగా నిలిచిన పేరు గలవాడు, తల్లివైపున జహ్హాక్ వంశీయుడే. పుణ్యాత్ముడైన మర్దాస్ రక్తం జహ్హాక్‌ను కాపాడలేదు. జహ్హాక్ రక్తం రుస్తుంను చెడగొట్టలేదు.

పోతన భాగవతం చదివినవారికి ఇది వింతగా తోచదు. హిరణ్యకశిపుని ఇంట ప్రహ్లాదుడు పుట్టినాడు కదా! ఖురాన్‌లో ఇబ్లీస్ ఆదం ముందు తల వంచడానికి నిరాకరించినప్పుడు చూపిన కారణం కూడా స్మరింపదగినది. తాను అగ్నితో పుట్టినవాడననీ, ఆదం మట్టితో పుట్టినవాడనీ అతని వాదం. అనగా పుట్టుకనుబట్టి ఎక్కువ తక్కువలు నిర్ణయించడమే ఆ పతనానికి మూలం.

కనుక ఈ చర్చ కథలకు మాత్రమే పరిమితమైనది కాదు. ఫలానా కులంవాడు, ఫలానా మతంవాడు, ఫలానా పేటవాడు పుట్టుకతోనే ఇంతే అనే మాట మన చుట్టూ వినిపిస్తూనే ఉన్నది. ఆ మాట అనేవాడు అవెస్తాలోని సర్పకథను మనుషులకు అంటగడుతున్నాడు. దానివల్ల రెండు అనర్థాలు కలుగుతవి. నిర్దోషి పుట్టినందుకే దోషి అవుతాడు. అనేవాడు తాను మంచిచోట పుట్టినాను గనుక తనకు పతనం లేదనే భ్రమలో పడతాడు. మర్దాస్ కుమారునికి ఆ భ్రమ ఏమాత్రం ఉపకరించలేదు.

విద్యార్థి సోదరసోదరీమణులు కథలు చదివేటప్పుడు దుష్టుని భుజాలమీది పాములను మాత్రమే చూడక, అవి మొలవడానికి ముందు అతడు ఏయే చోట్ల ‘కాదు’ అనవలసి ఉండి అనలేకపోయినాడో గుర్తించవలెనని మా మనవి. విషయం తెలియకుండా చేసిన ప్రమాణం, తెలిసి వహించిన మౌనం, ఇంపుగా ఉన్నదని పెంచుకొన్న అలవాటు – ఇవి మనకెవరికీ దూరపు వస్తువులు కావు.