నిదానమే ప్రధానము: నిలిచినచోట ఆరిపోవు పాతకారు

కారు యంత్రమును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయనేల యని మీరు శంకింపవచ్చును. కారు నడుపు స్త్రీలు నానాటికి పెరుగుచున్నారు. అది నడుమదారిలో ఆగినపుడు బిడ్డలతో, వృద్ధులతో ఎండలో నిలువవలసినవారము మనమే. మరమ్మతుశాలలో చెప్పిన మాటకు తలయూపి సొమ్ము చెల్లించువారమును మనమే. కావున గత సంవత్సరము మాకు కలిగిన యనుభవమును, దానివలన నేర్చిన సంగతులను ఇచట మనవి చేయుచున్నాము.

మా కారు 2004వ సంవత్సరమునాటిది, పెట్రోలుతో నడచునది. పరుగులో నున్నంతసేపు దానికే లోపమును కనబడదు. నిలిపినంతనే యంత్రము వణకి, రెండుమూడు మారులు దగ్గి, ఆరిపోవుచుండెను. ఒకనాటి సాయంకాలము మా అత్తగారిని కంటివైద్యునికి చూపించి తీసికొని వచ్చుచుంటిమి. రైలుగేటు దాటుచోట ముందున్న ట్రాక్టరు నెమ్మదించెను, మేమును నెమ్మదించితిమి, బండి సరిగా పట్టాల నడుమ ఆరిపోయెను. వెనుకనున్న ఆటోవారు పరుగున వచ్చి త్రోసి దాటించిరి. అది రైలు వచ్చు వేళ గాకపోవుటచేత బ్రదికితిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరమ్మతుశాలవారు మొదట మసి కడిగిరి. వారము దినములు బాగుండెను. పిదప ఐడిలింగు వాల్వు మార్చిరి. నాలుగు దినములకు వ్యాధి తిరుగబెట్టెను. మూడవమారు, “కంప్యూటరు పోయిందమ్మా, మార్చాల్సిందే” యనిరి. దాని వెల మావారి నెలజీతములో సగము. ఏమి చేయుటకును తోచక యుండగా మా అత్తగారు, “కట్టెలు తడిసినవో లేదో చూడకుండ పొయ్యి పగులగొట్టుకొందురా?” అనిరి. ఆ మాట మాకు కనువిప్పైనది.

చిన్ననాట మా తండ్రిగారు మాకు అష్టాంగహృదయములోని నిదానస్థానమును కొంత చదివించిరి. రోగము నెరుగుటకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని అయిదు మార్గములు చెప్పబడినవి. సంస్కృతమున నిదానమనగా మూలకారణము. మన తెలుగువాడుకలో నెమ్మది. ఈ రెండర్థములును గూడినగాని చికిత్స కుదురదని మాకు తోచినది. మా కారునకు అప్పటివరకు చికిత్సయే జరిగినది గాని నిదానము జరుగలేదు.

ముందుగా యంత్రము నడచు తీరు తెలియవలెను. కాలితో నొక్కినపుడు గాలిద్వారపు రేకు తెరచుకొని యంత్రమునకు గాలి పోవును. కాలు తీసినంతనే ఆ రేకు మూసికొనును. అయినను యంత్రము ఆరిపోకుండ నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగుచుండవలెను. పాలు కాగిన పిదప పొయ్యిని సన్నసెగపై నుంచునట్టిదే యిది. ఇందుకై ప్రక్కగా నొక సన్నని గాలిదారియు, దాని నోట నొక చిన్న వాల్వును ఉండును. దీపములు వేసినను, ఏసీ నడిపినను యంత్రముపై భారము పెరుగును. అప్పుడు కంప్యూటరు ఆ వాల్వును కొంచెము తెరచి గాలిని పెంచును. 2000వ సంవత్సరమున దేశమంతటను పొగనియమములు కట్టుదిట్టమైన కాలమునుండి మన పెట్రోలు కార్లలో కార్బురేటరు మరుగుపడి, కంప్యూటరుతో పెట్రోలును చిమ్ము పద్ధతి వ్యాపించినది. ఆ తరము కార్లలో ఈ వాల్వు తరచుగా కానవచ్చును. ఇటీవలి కార్లలో పెక్కింటికి వేరు వాల్వు లేదు. గాలిద్వారమునే మోటారు కదపును.

ఇక నిదానమునకు వత్తము. పాలపద్దు వ్రాసికొను పుస్తకములోనే వెనుకపుటను బండి ఆరిపోయిన వేళ, ఎండ, దీపములు, ఏసీ వీనిని వ్రాసికొంటిమి. మూడు వారములలో పదునొకండు మారులు ఆరినది. అందు తొమ్మిది మారులు దీపములు వెలుగుచున్నవి. ఇదియే రూపము. భారము పడినపుడే వ్యాధి పెచ్చు పెరుగుచున్నదని తేలినందున విద్యుత్తు దారిని వెదకవలెనని నిశ్చయించితిమి. మావారు పాఠశాలలో పదార్థవిజ్ఞానము బోధింతురు. వారికొక మల్టీమీటరు కలదు. మా వీధిలో బండ్ల వైరింగుపని చేయు పెద్దాయనను తోడు పిలిచి, ఆదివారము ఉదయము పనికి పూనుకొంటిమి.

మొదట మోసపుచ్చు కారణములను తొలగించితిమి. గాలిగొట్టము చిరిగినను, గాలిద్వారమున మసి పేరుకొనినను విద్యుత్తు లోపమువలెనే కనబడును. అవి బాగుగనే యున్నవి. పిదప బ్యాటరీని పరీక్షించితిమి. యంత్రము ఆగియున్నపుడు సుమారు 12.6 వోల్టులు, నడచుచున్నపుడు 14 వోల్టుల దరిదాపు ఉండవలెను, సరిగనే యుండెను. తరువాత తాళము తీసి, వాల్వునకు పోవు ప్లగ్గు ఊడదీసి చూచితిమి. పచ్చని చిలుము గాని, వంగిన పిన్ను గాని లేదు. మా కారు వాల్వునకు నాలుగు తీగలు, లోపల రెండు చుట్టలు. మీటరుతో కొలిచినపుడు రెండు చుట్టల నిరోధమును సమానముగా నుండెను. ఒకటి తెగియున్నచో మీటరు అనంతమును చూపును. చుట్టలోని తీగ తనలో తానే యంటుకొన్నచో అంకె తగ్గి సున్నవైపు పోవును. సరియైన అంకె ఆయా కారు పుస్తకములో చూచుకొనవలెను. అనగా క్రొత్త వాల్వునందు దోషము లేదు. పాతదానియందును బహుశః లేకుండెను!

మిగిలినది ఎర్తు, అనగా విద్యుత్తు తిరిగివచ్చు దారి. దీనిని పలువురు మరతురు. పెద్దాయన మీటరు తీగ నొకదానిని బ్యాటరీ మైనసునకును, రెండవదానిని కంప్యూటరు ఎర్తుతీగలు యంత్రమునకు బిగించిన బోల్టునకును తగిలించి, బండిని నడిపించి, దీపములు, ఫ్యాను వేయుమనెను. అచట 0.2 వోల్టులకు మించి కనబడరాదు. దీపములు లేనపుడు అంతకు లోబడియే యున్న అంకె, అవి వెలుగగనే 0.9 వోల్టులకు పోయెను, యంత్రము వణకెను. ఎర్తు కేబులును చేతితో కదపగా వణకు తగ్గెను. వదలగా మరల వచ్చెను. ఉపశయమనగా ఇదియే గదా! బ్యాటరీ మైనసును ఊడదీసి ఆ బోల్టును విప్పి చూడగా, కేబులు చివర రాగిపోగులు పచ్చబారి సగము తెగియున్నవి. మొదట మసి కడిగిననాడు ఈ కేబులు కదలుటచేతనే కాబోలు, ఆ వారము బాగుండినది.

క్రొత్త కేబులు వేసి, లోహము మెరయునట్లు గీకి బిగించితిమి. బ్యాటరీ తీసి పెట్టుటచే కంప్యూటరు తన అభ్యాసమును మరచును గనుక కొన్ని నిమిషములు ఊరక నడువనిచ్చితిమి. నాటినుండి నేటివరకు బండి నిలిచినచోట ఆరలేదు. అయిన వ్యయము కంప్యూటరు వెలలో నూరవవంతైనను లేదు.

ఇట్టి పని చేయించు సోదరీమణులకు కొన్ని జాగ్రత్తలు. మూసిన షెడ్డులో యంత్రమును నడుపరాదు. ఆ పొగలోని విషవాయువు వాసన తెలియకయే ప్రాణము తీయును. గేరు తీసి, చేతిబ్రేకు వేయవలెను. పమిటకొంగును, జడను బిగించుకొనవలెను. రేడియేటరు ఫ్యాను చెప్పకుండ తిరుగ నారంభించును. నిరోధమును తాళము తీసిన పిదపనే కొలువవలెను. డాష్‌బోర్డుపై యంత్రపు దీపము వెలిగినచో స్కానరుతో చూపింపుడు. పి0505 అని వచ్చినచో ఐడిలింగు ఏర్పాటులో లోపమున్నదని మాత్రమే యర్థము. వాల్వు చెడినదని కాదు. కంప్యూటరును అన్నిటికంటె కడపట శంకింపవలెను.

మరమ్మతుశాలకు పోయినపుడు “ఏమి మార్చవలెను?” అని గాక “ఏమి కొలిచి చూచితిరి?” అని యడుగుడు. ఎపుడు ఆగెనో, ఏ దీపము వెలుగుచుండెనో వ్రాసియుంచిన కాగితము మెకానిక్కు చేతికిండు. జబ్బుపడిన బిడ్డను వైద్యునికడకు గొనిపోవునపుడు జ్వరము వచ్చిన వేళను చెప్పువారము మనమే గదా! రైలుగేటు దాటునపుడు మా అత్తగారు ఇప్పటికిని మా చేయి పట్టుకొందురు. ఆ చేయి వణకకుండుటయే మాకు లాభము.