డీఫ్రాగ్ చేసినా కదలని ఫైళ్లు, ఫోల్డర్లు.. పాత కంప్యూటర్‌లో వీటిని ఏం చేయాలి? వేటిని అస్సలు ముట్టుకోకూడదు?

పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని చాలామంది చేసే మొదటి పని డిస్క్ డీఫ్రాగ్మెంటర్ ఆన్ చేయడం. రాత్రంతా నడిపించి పొద్దున చూస్తే ఎర్ర గీతలు తగ్గుతాయి. కానీ పచ్చ గీతలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పైగా కొన్ని ఫైళ్లను డీఫ్రాగ్మెంట్ చేయలేకపోయామంటూ ఓ మెసేజ్ కనిపిస్తుంది. మరి ఆ కదలని ఫైళ్లు ఏంటి? వాటిని కదిలించవచ్చా? అసలు కదిలించాల్సిన అవసరం ఉందా? ఇప్పుడు తెలుసుకుందాం..

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. విండోస్ 7కు 2020 జనవరి 14తో ముగిసింది. అయినా ఈ మెషీన్లు ఇంకా పూర్తిగా మూలన పడలేదు. తెలుగు రాష్ట్రాల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లపై ఆధారపడిన డీటీపీ సెంటర్లలో పాత సిస్టమ్స్ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. కొందరి ఇళ్లలో పెళ్లి ఫొటోలు, పిల్లల చిన్నప్పటి వీడియోలు ఆ పాత హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అందుకే ఇక్కడ తొందరపడితే పోయేది స్పీడ్ ఒక్కటే కాదు, డేటా కూడా.

అసలు డీఫ్రాగ్ ఎందుకు?

హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటిపై రీడింగ్ హెడ్ అటూ ఇటూ జరుగుతూ డేటా చదువుతుంది. ఫైల్ మొత్తం ఒకేచోట ఉంటే ఒక్కసారి వెళ్లి గబగబా చదివేస్తుంది. ముక్కలుగా ఉంటే ప్రతి ముక్క కోసం హెడ్ మళ్లీ పరుగెత్తాలి.

ఒక్కో ముక్క దగ్గరకు వెళ్లడానికి సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. 500 ముక్కలైన ఫైల్‌కు అటూ ఇటూ తిరగడానికే 7.5 సెకన్లు పోతాయి. అదే 3 ముక్కలుగా ఉన్న ఫైల్‌కు పోయేది 45 మిల్లీసెకన్లే. కంటికి కూడా తెలియదు. ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఎందుకంటే కదలని ఫైళ్ల విషయంలో సగం కంగారు దీంతోనే తగ్గిపోతుంది.

పచ్చ రంగులో ఉన్నవి ఏంటి?

ఎక్స్‌పీ డీఫ్రాగ్మెంటర్‌లో ఎరుపు అంటే ముక్కలైన ఫైళ్లు. నీలం అంటే ఒకేచోట ఉన్నవి. తెలుపు అంటే ఖాళీ. పచ్చ అంటే అన్‌మూవబుల్, అంటే కదలనివి. పచ్చ రంగు చూడగానే డిస్క్ పాడైందనో, వైరస్ ఉందనో భయపడక్కర్లేదు. సిస్టమ్ నడుస్తుండగా తాకకూడదని విండోస్ పక్కన పెట్టినవే అవి.

వీటిలో ముఖ్యమైనది పేజ్‌ఫైల్ డాట్ సిస్. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే జాగా ఇదే. సిస్టమ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇది తెరిచే ఉంటుంది కాబట్టి జరపడం కుదరదు. రెండోది హైబర్‌ఫిల్ డాట్ సిస్. హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా ఇందులో దాస్తుంది. ఎక్స్‌పీలో దీని సైజు ర్యామ్ ఎంతో అంతే. 512 ఎంబీ ర్యామ్ ఉంటే ఇదీ 512 ఎంబీ.

ఇక ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లలో మాస్టర్ ఫైల్ టేబుల్ అనేది ఒకటి ఉంటుంది. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే చిట్టా ఇదే. దాని నకలు, లాగ్ ఫైల్, పాడైన క్లస్టర్ల లిస్టు లాంటివి కూడా ఉంటాయి. వీటి జోలికి మాత్రం అస్సలు వెళ్లకూడదు. చిట్టా చెడిపోతే ఫైళ్లు డిస్క్‌పైనే ఉన్నా, వాటిని వెతికి పట్టుకునే దారి ఉండదు.

ఫోల్డర్లే కదలకపోతే?

కొన్ని పాత కంప్యూటర్లలో మామూలు ఫోల్డర్లు కూడా మొండికేస్తాయి. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది డ్రైవ్ ఫార్మాట్. మై కంప్యూటర్‌లో డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కితే ఫైల్ సిస్టమ్ అనే చోట ఫ్యాట్32 అనో, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనో కనిపిస్తుంది. అక్కడ ఫ్యాట్32 అని ఉంటే కారణం దొరికినట్టే. ఫైళ్లను జరపడానికి విండోస్ ఇచ్చే పద్ధతి ఫ్యాట్ డ్రైవ్‌లోని ఫోల్డర్లకు పూర్తిగా పనిచేయదు.

ఎందుకంటే ఫ్యాట్32లో ప్రతి ఫోల్డర్ లోపల తన పై ఫోల్డర్ అడ్రస్ రాసి ఉంటుంది. ఒక ఫోల్డర్‌ను జరపాలంటే దాని పై ఫోల్డర్‌లోనూ, దాని లోపలున్న ప్రతి ఫోల్డర్‌లోనూ అడ్రస్ మార్చాలి. ఇల్లు మారితే ఆధార్, బ్యాంకు, గ్యాస్ కనెక్షన్ అన్నిచోట్లా అడ్రస్ మార్చుకోవాల్సి వచ్చినట్టే. మధ్యలో కరెంటు పోతే సగం చోట్ల పాత అడ్రస్, సగం చోట్ల కొత్త అడ్రస్ మిగులుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ తలనొప్పి లేదు. అక్కడ ఫోల్డర్‌కు చిట్టాలో ఒక నంబర్ ఉంటుంది. ఫోల్డర్ ఎక్కడికి జరిగినా నంబర్ మారదు.

ఫ్యాట్32 డ్రైవ్‌లో ఉన్నవి మీ సొంత ఫొటోలు, డాక్యుమెంట్ల ఫోల్డర్లే అయితే ఓ తేలికైన మార్గం ఉంది. ఆ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు కాపీ చేయాలి. కాపీ అయిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే పాత ఫోల్డర్ డిలీట్ చేసి, డీఫ్రాగ్ నడిపించి, తిరిగి కాపీ చేయాలి. ఖాళీ జాగా ఒకేచోట ఉంటుంది కాబట్టి కొత్త ఫోల్డర్ చాలావరకు వరసగా కూర్చుంటుంది. అయితే విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లతో ఈ ప్రయోగం చేయొద్దు. సిస్టమ్ మళ్లీ ఆన్ కాకపోవచ్చు.

రెండో మార్గం.. కన్వర్ట్ కమాండ్‌తో డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చడం. ఫైళ్లు పోకుండానే మారుతుంది. కానీ ఇది వన్‌వే. మళ్లీ ఫ్యాట్32 కావాలంటే ఫార్మాట్ చేయాల్సిందే. అదే కంప్యూటర్‌లో విండోస్ 98 కూడా ఉంటే అది ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను చదవలేదు. కొన్ని పాత పార్టిషన్లలో మార్చిన తర్వాత క్లస్టర్ సైజు 512 బైట్లకు పడిపోతుంది. మామూలుగా ఉండే 4 కేబీతో పోలిస్తే ఇది చాలా చిన్నది కాబట్టి ఫైళ్లు ఇంకా ఎక్కువ ముక్కలయ్యే ఛాన్స్ ఉంది. అందుకే బ్యాకప్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

స్టెప్ బై స్టెప్ ఇలా చేయండి

ముందు బ్యాకప్. పెన్ డ్రైవ్‌లోకో, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో ముఖ్యమైనవన్నీ కాపీ చేసుకోండి. డీఫ్రాగ్ అంటే గంటల తరబడి డిస్క్‌ను చదువుతూ, రాస్తూ ఉండటం. చివరి దశలో ఉన్న డిస్క్ ఈ శ్రమకే చేతులెత్తేయవచ్చు. లోపలి నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే డీఫ్రాగ్ ఆలోచన మానేసి, డేటా బయటకు తీసుకోవడమే మంచిది.

తర్వాత డిస్క్ చెకింగ్. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్‌కు వెళ్లి ఎర్రర్ చెకింగ్ నడిపించాలి. సీ డ్రైవ్ అయితే రీస్టార్ట్ చేసినప్పుడు మొదలవుతుంది. బ్యాడ్ సెక్టార్లు కనిపించి, వాటి సంఖ్య పెరుగుతూ పోతుంటే అక్కడితో ఆగిపోవాలి. ఆ డిస్క్‌కు కావాల్సింది డీఫ్రాగ్ కాదు, రిటైర్మెంట్.

మూడోది ఖాళీ జాగా. ఎక్స్‌పీ డీఫ్రాగ్మెంటర్ సరిగ్గా పనిచేయాలంటే డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉండాలి. 40 జీబీ డ్రైవ్ అయితే 6 జీబీ అన్నమాట. డిస్క్ క్లీనప్‌తో టెంపరరీ ఫైళ్లు తీసేయండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. చాలాసార్లు ఫైళ్లు కదలకపోవడానికి అసలు కారణం జాగా లేకపోవడమే.

నాలుగోది హైబర్నేషన్ ఆపేయడం. ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేట్ ట్యాబ్‌కు వెళ్లి టిక్ తీసేస్తే చాలు. ఆ ఫైల్ దానంతట అదే పోతుంది. అవసరమైతే తర్వాత మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు.

ఐదోది పేజ్‌ఫైల్. మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత వర్చువల్ మెమరీ దగ్గర ఛేంజ్ నొక్కాలి. వేరే డిస్క్ ఉంటే పేజ్‌ఫైల్‌ను తాత్కాలికంగా అక్కడికి మార్చండి. లేకపోతే నో పేజింగ్ ఫైల్ ఎంచుకుని సెట్ నొక్కి రీస్టార్ట్ చేయండి. ర్యామ్ 512 ఎంబీ కంటే తక్కువ ఉంటే మాత్రం పేజ్‌ఫైల్‌ను పూర్తిగా తీసేయడం రిస్కే. ప్రోగ్రామ్‌లు మధ్యలోనే ఆగిపోవచ్చు.

ఇప్పుడు ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి, ఇంటర్నెట్ తీసేసి, యాంటీవైరస్ స్కాన్ ఆపి డీఫ్రాగ్ నడిపించండి. కరెంటు పోయే చోట యూపీఎస్ తప్పనిసరి. అంతా అయ్యాక పేజ్‌ఫైల్‌ను మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. ఈసారి ఇనిషియల్ సైజు, మ్యాగ్జిమమ్ సైజు రెండింటికీ ఒకే నంబర్ ఇవ్వండి. అప్పుడది పెరుగుతూ తరుగుతూ మళ్లీ ముక్కలు కాదు.

ఇంత తతంగం వద్దనుకునే వారికి సిస్‌ఇంటర్నల్స్ తెచ్చిన పేజ్‌డీఫ్రాగ్ అనే చిన్న టూల్ ఉంది. విండోస్ పూర్తిగా ఆన్ అయ్యేలోపే ఇది పేజ్‌ఫైల్‌ను, రిజిస్ట్రీ ఫైళ్లను సర్దేస్తుంది. కాకపోతే ఇది ఎక్స్‌పీ కాలం నాటి సిస్టమ్స్‌కే.

విండోస్ 7లో పార్టిషన్ తగ్గడం లేదా?

విండోస్ విస్టా, 7లలో ఈ సమస్య మరో రూపంలో వస్తుంది. సీ డ్రైవ్‌లో 100 జీబీ ఖాళీ ఉన్నా, ష్రింక్ చేయబోతే కొంచెమే తగ్గించగలమని చెబుతుంది. డ్రైవ్ చివర్లో కదలని ఫైల్ ఒక్కటి కూర్చున్నా సరే, దాన్ని దాటి తగ్గించడం కుదరదు. ఆ ఫైల్ ఏదో విండోస్ చెబుతుంది కూడా. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్ తెరిచి 259 నంబర్ ఈవెంట్ చూడండి. చివరి అన్‌మూవబుల్ ఫైల్ పేరు అందులో ఉంటుంది. చాలాసార్లు అది పేజ్‌ఫైలో, హైబర్నేషన్ ఫైలో, సిస్టమ్ రీస్టోర్ కాపీనో అయ్యుంటుంది. వాటిని తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నిస్తే ఫలితం ఉండొచ్చు. కానీ సిస్టమ్ రీస్టోర్ ఆపితే పాత రీస్టోర్ పాయింట్లన్నీ పోతాయి. ఈ విషయం ముందే తెలుసుకోవాలి.

ఈ తప్పులు మాత్రం చేయొద్దు

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ లాంటి ఫోల్డర్లను అన్‌లాక్ చేసే టూల్స్‌తో బలవంతంగా డిలీట్ చేయకూడదు. ఒక్క క్లిక్‌తో పీసీ రాకెట్ స్పీడ్ అంటూ వచ్చే తెలియని సాఫ్ట్‌వేర్లను, అందులోనూ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేయడం కోరి కష్టం తెచ్చుకోవడమే. పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించి ఉంటే డీఫ్రాగ్ అవసరమే లేదు. అందులో తిరిగే పళ్లేలు, పరుగెత్తే హెడ్ ఉండవు. డీఫ్రాగ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గడం తప్ప లాభం లేదు.

రంగు కాదు, రిపోర్ట్ చూడండి

ఎక్స్‌పీ డీఫ్రాగ్ పూర్తయ్యాక వ్యూ రిపోర్ట్ అనే బటన్ ఉంటుంది. అందులో ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఫోల్డర్లు ముక్కలయ్యాయో, పేజ్‌ఫైల్ ఎన్ని ముక్కలుగా ఉందో విడివిడిగా కనిపిస్తుంది. పేజ్‌ఫైల్ 3, 4 ముక్కలుగా ఉంటే వదిలేయండి. వందల్లో ఉంటేనే పైన చెప్పిన పని పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ కూడా విస్టా నుంచి 64 ఎంబీ కంటే పెద్ద ముక్కలను కలపాల్సిన అవసరం లేదనే లెక్కతోనే డీఫ్రాగ్‌ను తయారు చేసింది.

రిపోర్ట్ బాగానే ఉన్నా సిస్టమ్ స్లోగానే ఉంటే కారణం పచ్చ గీతలు కావు. ర్యామ్ చాలకపోవడమో, ఆన్ చేయగానే మొదలయ్యే ప్రోగ్రామ్‌లు ఎక్కువ కావడమో, డిస్క్ ముసలిదైపోవడమో కావచ్చు. అందులో ఏదైనా సరే, బ్యాకప్ కాపీ ఒకటి చేతిలో ఉంటే ఆ తర్వాత ఏ ప్రయోగమైనా ధైర్యంగా చేసుకోవచ్చు.