తక్కెడకు ఒకటే భాష

కురుగోడు వచ్చినవారు దొడ్డబసవేశ్వరుని దర్శించకుండా తిరిగి వెళ్ళరు. ఏకశిలలో మలచిన ఆ నందిని చూచి, "యీ బసవన్న యెన్ని మణుగులు తూగుతాడు?" అని పిల్లలు అడుగుతారు. మేము నవ్వి వూరుకొంటాము. బసవన్నను తూచేవారు లేరు గాని, సంతలో కొనే వంకాయ మొదలు మనము అమ్మే వడ్లవరకు అన్నీ తూకానికి యెక్కవలసినవే. ఆ తూకము సరిగా వున్నదో లేదో చూచేవారెవరు? యీ నెల ఆ ముచ్చట చెప్పుకొందాము.

1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి మద్రాసు రాష్ట్రములోనిది. మా పెద్దలకు మూడు తులాలు ఒక ఫలము, నలభై ఫలాలు ఒక వీశె, యెనిమిది వీశెలు ఒక మణుగు. వీశె అంటే నేటి లెక్కకు 1 కిలో 400 గ్రాములు. మన మణుగు 11 కిలోల పైచిలుకు. ఉత్తరాది మణుగు 37 కిలోలకు పైన. పేరు ఒక్కటే, బరువు మూడింతలకు మించిన తేడా! అమ్మేవాడొక మణుగు, కొనేవాడొక మణుగు తలచుకొంటే బేరమెట్లా కుదురుతుంది?

యీ చిక్కు తీర్చడానికే 1956లో పార్లమెంటు తూనికలు కొలతల చట్టము చేసినది. 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా కిలో వచ్చినది. ఇప్పుడు అమలులో వున్నది 2009 నాటి చట్టము. అది 2011 ఏప్రిల్ 1 నుండి నడుస్తున్నది.

అంగడిలోని కిలో గుండుకు కూడా వంశావళి వున్నది. పారిస్ దగ్గర భద్రపరచిన లోహపు దిమ్మయే చాలాకాలము ప్రపంచానికంతటికీ కిలో. 2019 మే 20 నుండి ఆ దిమ్మను వదలి, ప్రకృతిలో మారని ప్లాంక్ స్థిరాంకాన్ని ఆధారము చేసుకొన్నారు. మన దేశానికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పెద్దదిక్కు. బెంగుళూరులో ప్రాంతీయ ప్రామాణిక ప్రయోగశాల వున్నది. పై మెట్టు గుండుతో కింది మెట్టు గుండును సరిచూస్తూ, చివరకు తనిఖీ అధికారి చేతి గుండువరకు వస్తారు. దానితో అంగడి గుండును సరిచూచి ముద్ర వేస్తారు. తక్కెడకు, గుండ్లకు రెండేండ్లకొకసారి, విద్యుత్ కాటాకు యేటేటా ఆ ముద్ర పడవలెను.

ముద్రతో మనకేమి పని అనుకొనేవారికి మా అనుభవము చెబుతాము. ఒక యేడు మా యింటి మిరప బస్తాలను ఒక వ్యాపారి తూచుకొన్నాడు. లారీలో చోటు చాలక ఒక బస్తా మిగిలిపోయినది. మరునాడు దానిని వేరొక కాటాపై పెడితే అరకిలో యెక్కువ తూగినది! ఆయన మోసగాడని మేము అనము. ఆ కాటా ముద్ర గడువు దాటిపోయినది. ఆ సంగతి ఆయనా చూడలేదు, మేమూ చూడలేదు. బస్తాకు అరకిలో చొప్పున నూరు బస్తాలకు 50 కిలోలు. ఆరుగాలము యెండలో వంగి కోసిన కాయ అది. దానిపైన 'తరుగు' పేరిట కోసేది వేరే!

కనుక మన పిల్లలకొక మాట. భౌతికశాస్త్రము ఒక పాఠముగా సైన్సు పట్టా పొందినవారు, ఇంజనీరింగు పట్టా వున్నవారు యీ శాఖలో అధికారులు కావచ్చును. డిప్లమా వారికి మూడేండ్ల అనుభవము కూడ వుండవలెను. నియమితులైనవారు రాంచీలోని సంస్థలో శిక్షణ పొందవలెను. ప్రయోగశాలలలోను, కాటాలు చేసే, మరమ్మతు చేసే పనులలోను గూడ చోటున్నది. పెద్ద పేరు వచ్చే వుద్యోగము కాకపోవచ్చును గాని, పేదవాని గింజను కాపాడే వుద్యోగము.

యింటి ఇల్లాండ్రకు కూడ మనవి. సరుకు పెట్టకముందు కాటా సున్న చూపుతున్నదా, గుండుకు బదులు రాయి వాడుతున్నారా, ముద్ర యే యేటిది — యీ మూడూ చూడండి. అడగడానికి మొగమాటమెందుకు? నిజాయితీగల వర్తకుడు తానే చూపుతాడు.

మా వూళ్ళో యింట తెలుగు, బజారులో కన్నడము. రెండూ మనవే. తక్కెడకు మాత్రము ఒకటే భాష వుండవలెను. అది సరిగా పలుకుతున్నదా అని చూచుకోవడము మనందరి పని.