నార్త్ యార్క్‌లో పాత కీబోర్డు వేట

మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ కీబోర్డుని ఒక చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా వచ్చేస్తుంది కదా? ఇప్పుడు రెండు కిలోలకు పైగా బరువుండే కీబోర్డుని ఊహించుకోండి. లోపల ఉక్కు రేకు, ఒక్కో అక్షరం కింద ఒక్కో స్ప్రింగు, నొక్కిన ప్రతిసారీ టక్‌మని చప్పుడు. 1985 నుంచి ఐబీఎం కంపెనీ ఇలాంటివి తయారుచేసింది. వాటి పేరు మోడల్ ఎం. వాటిలో చాలా ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటిని వెతికి, తుడిచి, బాగుచేసి మళ్ళీ వాడుకునే సరదా ఉన్నవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. నార్త్ యార్క్‌లో ఉంటూ మీరు ఈ వేట మొదలుపెడితే ఎక్కడ వెతకాలి, ఏం చూసి కొనాలి, కొన్నాక దాంతో తెలుగు రాయగలరా అన్నది ఈ పాఠంలో చూద్దాం.

ముందు ఒక మాట సంగతి. కీబోర్డు మీద ఉండే ఒక్కొక్కదాన్ని అందరం "కీ" అనే అంటాం. ఒకటైతే బాగానే ఉంది. రెండైతే "కీలు" అవుతుంది, అక్కడే చిక్కు. తలుపుకీ కీలు ఉంటుంది, మోకాలికీ కీలు ఉంటుంది! అందుకని ఇక్కడ "మీట" అనే మాట వాడుకుందాం. మీట అంటే నొక్కితే పని జరిగేది.

ఎక్కడ వెతకాలి?

ఈ వేటకి నార్త్ యార్క్ మంచి చోటే. ఐబీఎం కెనడా 1951లో ఇక్కడ, డాన్ మిల్స్ రోడ్డు, ఎగ్లింటన్ అవెన్యూ కలిసే దగ్గర ఫ్యాక్టరీ తెరిచింది. అప్పటికి నార్త్ యార్క్ వేరే ఊరు. టొరంటోలో కలిసింది 1998 జనవరి 1న. ఆ ఫ్యాక్టరీ 1994లో సెలెస్టికా అనే కంపెనీ అయింది, 1996లో ఐబీఎం దాన్ని అమ్మేసింది. మోడల్ ఎం అక్కడే పుట్టిందనుకోకండి. లేబుళ్ళ మీద ఎక్కువగా కనిపించే పుట్టిళ్ళు అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్, స్కాట్లండ్‌లోని గ్రీనక్. కానీ ఐబీఎంలో పనిచేసినవాళ్ళు, ఐబీఎం కంప్యూటర్లు కొన్న ఆఫీసులు ఈ చుట్టుపక్కల చాలా ఉండేవి. ఆఫీసులో కొత్త కంప్యూటర్ వస్తే పాతది ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది, ఇంట్లోంచి బేస్‌మెంట్‌కి చేరుతుంది. ఆ తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు గానీ దాని సంగతి ఎవరికీ గుర్తురాదు.

కాబట్టి చూడాల్సింది బేస్‌మెంట్లు ఖాళీ అయ్యే చోట్లు. మే, జూన్ నెలల్లో శనివారం పొద్దున్నే పెట్టే గరాజ్ సేల్స్, వాల్యూ విలేజ్ లాంటి పాత సామాన్ల దుకాణాలు, కిజిజి. కిజిజిలో "మోడల్ ఎం" అని వెతికితే దొరికేవి తక్కువ, ధర ఎక్కువ, ఎందుకంటే ఆ పేరు రాసినవాళ్ళకి దాని విలువ తెలుసు. "పాత ఐబీఎం కీబోర్డు", "పాత కంప్యూటర్ సామాను" అని ఇంగ్లీషులో వెతకండి. ఫొటోలో మూలన, ఏదో మానిటర్ పక్కన, లేత బూడిద రంగు కీబోర్డు కనిపిస్తే దాని గురించి అడగండి.

ఇంకో చోటుంది, చాలామంది అక్కడ అడగరు. అది మన తెలుగువాళ్ళ ఇళ్ళు. ఎప్పుడో వచ్చి కంప్యూటర్ ఉద్యోగాల్లో స్థిరపడిన పెద్దవాళ్ళు మీకు గుడిలోనో ఉగాది వేడుకలోనో కలుస్తూనే ఉంటారు. ఇలా అడగొచ్చు:

"నమస్తే అంకుల్. మీ బేస్‌మెంట్‌లో పాత కంప్యూటర్ సామాను ఏమైనా ఉందాండీ? నేను పాత కీబోర్డులు సేకరిస్తున్నాను."

"ఉందమ్మా, ఏదో డబ్బాలో పడేశాం. ఆదివారం వచ్చి చూసుకో."

మీ మాటలో "ఉందాండీ" ఉంది, ఆయన మాటలో "చూసుకో" ఉంది. ఆయన మిమ్మల్ని "చూసుకోండి" అనలేదని చిన్నబుచ్చుకోకండి. వయసులో పెద్దవాళ్ళు పిల్లలతో అలాగే మాట్లాడతారు, అందులో చనువుంది. మీరు మాత్రం "అండీ" వదలకూడదు.

డబ్బాలో నిజంగానే మోడల్ ఎం దొరికితే, అదేమిటో, సేకరించేవాళ్ళు దానికి డబ్బు పెట్టి కొంటారని ఆయనకి చెప్పండి. చాలామంది "పోనీలే, తీసుకెళ్ళు" అంటారు, అది వేరే సంగతి. విలువ తెలిసి కూడా నోరు మూసుకుని రెండు డాలర్లకి పట్టుకొచ్చేవాళ్ళు ఈ వేటలో ఉన్నారు. దాన్ని తెలివి అనడం నాకు ఇష్టం లేదు.

ఏం చూసి కొనాలి?

పైనుంచి చూస్తే పాత కీబోర్డులన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ముందు తిరగేయండి. వెనక అతికించిన లేబుల్ మీద పార్ట్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. 1391401 అన్న నంబరు కనిపిస్తే అది మోడల్ ఎంలలో బాగా పేరున్న రకం, 101 మీటలది. తేదీ 1991 తర్వాతదైతే తయారుచేసినది లెక్స్‌మార్క్ కావచ్చు. ఆ ఏడాది ఐబీఎం తన కీబోర్డుల, ప్రింటర్ల విభాగాన్ని విడదీసి ఆ కంపెనీగా మార్చింది.

తర్వాత, యజమానిని అడిగి, ఒక మీట పైకి తీసి చూడండి. చాలా మోడల్ ఎంలలో పైన టోపీ, దాని కింద కాడ విడివిడిగా ఉంటాయి. రెండూ తీస్తే గొట్టంలో సన్నటి స్ప్రింగు కనిపించాలి. రబ్బరు బుడిపె కనిపిస్తే అది మీరు వెతికేది కాదు. పైన ఐబీఎం అని రాసి ఉన్నా సరే.

ఆ స్ప్రింగు చేసే పని తెలుసుకోవాలంటే ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి. రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నొక్కండి. కాసేపు నిటారుగా ఉండి, ఒక్కసారిగా పక్కకి వంగిపోతుంది. మీట కింద స్ప్రింగు కూడా అంతే. కొంత దూరం మీ వేలికి ఎదురు నిలబడి, ఉన్నట్టుండి పక్కకి వంగుతుంది. వంగినప్పుడు దాని అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క ఊగి, కింద ఉన్న పలచటి పొరల్ని నొక్కుతుంది. చప్పుడు రావడం, అక్షరం పడడం ఒకే క్షణంలో జరుగుతాయి. అందుకే దీని మీద రాసేవాళ్ళకి మీట నొక్కానా లేదా అన్న అనుమానం రాదు. రబ్బరు కీబోర్డు మీద ఆ అనుమానంతోనే మనం మీటల్ని అడుగంటా గుద్దుతుంటాం. ఐబీఎం ఇంజనీరు రిచర్డ్ హారిస్‌కి ఇలా వంగే స్ప్రింగు మీద 1978లో పేటెంటు వచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డులోనూ వంగే స్ప్రింగులే ఉన్నాయి, కాకపోతే పొరల బదులు వేరే ఏర్పాటు. దాన్ని మోడల్ ఎఫ్ అంటారు. అది దొరికితే మీ అదృష్టం, కానీ మొదటి వేటకి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు పరీక్ష. కీబోర్డుని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల గలగలమంటోందా? అయితే లోపలి రివెట్లు విరిగి రాలిపోయాయని అర్థం. స్ప్రింగులు ఉండే ప్లాస్టిక్ పలకని ఉక్కు రేకుకి పట్టి ఉంచేవి చిన్న చిన్న ప్లాస్టిక్ రివెట్లు. ఉక్కుకి ఏమీ కాదు, మీటలకి ఏమీ కాదు, ముసలితనం వచ్చేది ఈ రివెట్లకే. ఒకటి రెండు పోతే ఫరవాలేదు. చాలా పోతే పలక వదులై, కొన్ని మీటలు సరిగా పనిచేయవు. బాగుచేయొచ్చు: మిగిలిన రివెట్లు కూడా తీసేసి, సన్నటి రంధ్రాలు వేసి, ఎం2 సైజు బోల్టులు బిగిస్తారు. అదొక వారాంతమంతా పట్టే పని, ఓపిక ఉంటేనే పెట్టుకోండి. గలగలమనేదానికి మంచి కీబోర్డు ధర మాత్రం ఇవ్వకండి.

మురికి చూసి భయపడక్కర్లేదు. మీటల టోపీలు తీసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరబెడితే చాలు. వాటి మీద అక్షరాలు పైన పూసిన రంగు కాదు, ప్లాస్టిక్‌లోకి ఇంకిన రంగు, కాబట్టి చెరిగిపోవు. నీళ్ళు కీబోర్డు లోపలికి మాత్రం పోనివ్వకండి. తిరిగి పెట్టాక ప్రతి మీటా టక్‌మనాలి. అనకపోతే స్ప్రింగు పక్కకి ఒరిగినట్టు, తీసి మళ్ళీ పెట్టండి. డబ్బా విప్పాలంటే 5.5 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్ కావాలి, అదీ సన్నగా ఉండాలి, స్క్రూలు లోతుగా ఉంటాయి.

చివరగా తీగ. గుండ్రటి చిన్న ప్లగ్గు, ఆరు పిన్నులు ఉంటే అది పీఎస్/2. పెద్ద ప్లగ్గు, అయిదు పిన్నులైతే ఇంకా పాతది. రెండూ ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి నేరుగా పట్టవు. ఇక్కడ చాలామంది మోసపోతారు: ప్లగ్గు ఆకారం మార్చే చవక ముక్క కొని, కీబోర్డు చచ్చిపోయిందని పారేస్తారు. మోడల్ ఎంకి యూఎస్‌బీ భాష రాదు. మధ్యలో అనువాదం చేసే చిప్ ఉన్న కన్వర్టరు కావాలి. ఎంత వెతికినా మంచిది దొరకకపోతే, యూనికాంప్ అనే కంపెనీ 1996 నుంచి అదే లెక్సింగ్టన్‌లో అదే పద్ధతిలో కొత్తవి చేస్తోంది. కాకపోతే అది కొనడం అవుతుంది, వేట కాదు.

దీంతో తెలుగు రాయగలమా?

రాయగలం. "నా కీబోర్డు మీద తెలుగు అక్షరాలు లేవు, అందుకే తెలుగులో రాయను" అని మీరు ఎప్పుడైనా అనుకున్నారా? నిజానికి ఏ కీబోర్డుకీ ఏ భాషా రాదు. పీఎస్/2 కీబోర్డు మీద ఇంగ్లీషు "కె" మీట నొక్కితే దాని తీగలో వెళ్ళేది అక్షరం కాదు, 66 అనే సంఖ్య. "ఫలానా చోట ఉన్న మీట నొక్కారు" అని దాని అర్థం. ఆ చోటుకి ఏ అక్షరం వేయాలో తేల్చేది కంప్యూటర్. ఇంగ్లీషు పెట్టుకుంటే "కె" పడుతుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే "క" పడుతుంది. కెనడాలో దొరికే పాత కీబోర్డుల్లో కొన్నిటి మీద ఫ్రెంచి అక్షరాలుంటాయి. అవి చవగ్గా వస్తే తీసుకోండి, పైన ఏం రాసి ఉన్నా పనిలో తేడా రాదు.

ఇంగ్లీషు కాని గుర్తుల్ని ఇవే మీటల మీద సర్దడం ఈ ఊరికి కొత్త కాదు. టొరంటోలో 1973లో ప్రదర్శించిన ఎంసీఎం/70 అనే చిన్న కంప్యూటర్ ఏపీఎల్ భాషలో నడిచేది. ఆ భాషకి గ్రీకు అక్షరాలు, బాణాలు లాంటి గుర్తులు కావాలి. దాని చరిత్రని నార్త్ యార్క్‌లోనే, యార్క్ యూనివర్సిటీ కంప్యూటర్ మ్యూజియం భద్రపరుస్తోంది.

తెలుగుకి రెండు దారులున్నాయి. ఒకటి ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లో తెచ్చింది. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి ఎక్కువ హల్లులు. రెండోది ఆర్‌టీఎస్. 1990ల మొదట్లో అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్ళు తయారుచేసినది. పలికినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. "లేఖిని" వాడినవాళ్ళకి ఇది తెలుసు. "అక్క" అని రాయడానికి ఆర్‌టీఎస్‌లో ఏ, కె, కె, ఏ. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత కె, డి, కె. మధ్యలో ఉత్త "డి" నొక్కితే పొల్లు పడుతుంది, అది రెండు "క"లనీ కలిపి ఒత్తు చేస్తుంది. ఒత్తులు ఎలా పుడతాయో అర్థం కావాలంటే నా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కే.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. విండోస్ మీట 1994లో వచ్చింది, అంతకు ముందు తయారైన కీబోర్డులో అది ఉండదు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి భాష మార్చే అలవాటుంటే ఇక్కడ పనికిరాదు. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కండి.

ఇప్పుడు మీ వంతు. ఇంట్లో ఉన్న కీబోర్డుని తిరగేసి, లేబుల్ మీద ఏముందో తెలుగులో మూడు వాక్యాలు రాయండి. తర్వాత మీకు తెలిసిన ఒక పెద్దాయననో పెద్దావిడనో "మీరు మొదట దేని మీద టైపు చేశారండీ?" అని అడిగి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.