పెళ్ళి పందిట్లో పచ్చ తెర: ఫొటో త్వరగా చేతికి రావాలంటే ఏం చేయాలి?

కార్తిక శుద్ధ ఏకాదశి దాటగానే గుజరాత్‌లోని సూరత్‌లో పెళ్ళిళ్ళ సందడి మొదలవుతుంది. మళ్ళీ ధనుర్మాసం ప్రవేశించేలోగా మిగిలేవి కొద్ది వారాలే. ఆ రోజుల్లో కల్యాణ మండపాలు, పార్టీ ప్లాట్లు కిటకిటలాడతాయి. ఇటువంటి వేడుకల్లో ఇప్పుడు ఫొటో బూత్ కూడా ఒక ఆకర్షణ. అతిథులు పచ్చ తెర ముందు నిలబడతారు. ముద్రణయై వచ్చిన చిత్రంలో మాత్రం వారి వెనుక తాజ్‌మహలో, మంచు కొండలో కనిపిస్తాయి.

మరమగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో దశాబ్దాలుగా స్థిరపడ్డాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నడుపుతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి తన పెళ్ళినాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు అవ్వతో కలిసి నిలబడినట్లు ఫొటో దిగాలంటే ఈ పచ్చ తెర చాలు.

అయితే ఫొటో చేతికి రావడానికి పట్టే సమయం ఎక్కువైతే బూత్ ముందు వరుస పెరుగుతుంది. కాసేపు చూసి, జనం భోజనాల వైపు వెళ్ళిపోతారు. బూత్‌ను అద్దెకు నడిపే చిన్న స్టూడియోకు ఆ రాత్రి వచ్చే పేరు, రేపు వచ్చే బేరం రెండూ ఆ కొద్ది సెకన్ల మీద ఆధారపడి ఉంటాయి. ఆలస్యం కనబడగానే చాలామందికి తోచే పరిష్కారం ఖరీదైన కంప్యూటర్ కొనడం. నిజానికి ఉన్న కంప్యూటర్‌తోనే చాలా ఆలస్యాన్ని తగ్గించవచ్చు. దానికి చేయవలసిందల్లా అక్కరలేని పనిని మానుకోవడం.

పచ్చ రంగే ఎందుకు?

మనిషి చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ. అందుకు దూరంగా ఉండే పచ్చ, నీలం రంగులు వెనుక తెరకు అనువైనవి. 1940లో వచ్చిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రంలో లారీ బట్లర్ నీలి తెరను వాడారు. 1959 నాటి 'బెన్‌హర్' కోసం పెట్రో వ్లాహోస్ రూపొందించిన రంగుల తేడా పద్ధతి తరువాతి తరాలకు పునాది అయింది.

డిజిటల్ కెమెరాలు వచ్చాక పచ్చ తెరకు ప్రాధాన్యం పెరిగింది. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ పొందిన అమరికనే నేటి కెమెరాలలో అత్యధికం అనుసరిస్తున్నాయి. అందులో ప్రతి నాలుగు కాంతి గ్రాహకాలలో రెండు పచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయిస్తారు. కెమెరా పచ్చను మిగిలిన రంగులకన్నా స్పష్టంగా చూస్తుంది కాబట్టి అంచులు శుభ్రంగా తెగుతాయి.

కంప్యూటర్ కట్టే లెక్క

చిత్రంలోని ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, పచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో 0 నుంచి 255 వరకు ఉండే మూడు అంకెలు చెబుతాయి. పచ్చ అంకె పెద్దదిగా ఉన్న చోటల్లా తుడిచివేస్తే తెల్ల చొక్కా కూడా పోతుంది. తెలుపులో మూడు రంగులూ నిండుగానే ఉంటాయి మరి. అందుకే పచ్చ అంకె నుంచి మిగిలిన రెండింటిలో పెద్దదాన్ని తీసివేస్తారు.

ఎరుపు 60, పచ్చ 180, నీలం 70 ఉన్న తెరకు తేడా 110 వస్తుంది. అది పూర్తిగా తొలగవలసిన భాగం. తెల్ల చొక్కాకు తేడా సున్నా. ఎరుపు 240, పచ్చ 200, నీలం 40 ఉన్న పసుపు బట్టలకు తేడా సున్నాకన్నా తక్కువ. కనుక పసుపు చీర కట్టిన పెళ్ళికూతురికి ఏ ప్రమాదమూ లేదు. జుట్టు కొసల వద్ద తేడా 55 వస్తే అక్కడ సగం మనిషి, సగం వెనుక దృశ్యం కలుపుతారు. పిక్సెల్‌కు ఒక తీసివేత, ఒక కలయిక. పని ఇంత చిన్నదైనా ఆలస్యం జరగడానికి కారణం పిక్సెళ్ళ సంఖ్య.

మొదటి పొదుపు: అక్కరలేని పిక్సెళ్ళు

అడ్డంగా 6,000, నిలువుగా 4,000 పిక్సెళ్ళు ఉన్న కెమెరా ఒక్కో చిత్రానికి 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళు ఇస్తుంది. బూత్ నుంచి బయటికి వచ్చే కాగితం మాత్రం సాధారణంగా 6 అంగుళాలు, 4 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించినా దానికి కావలసింది 1,800 × 1,200, అంటే 21 లక్షల 60 వేల పిక్సెళ్ళు. తెర తొలగించే పనిని పెద్ద చిత్రం మీద చేసి ఆ తరువాత కుదిస్తే 11 రెట్లు అదనపు శ్రమ. ముందు కుదించి, తరువాత తెర తొలగిస్తే కాగితం మీద తేడా దాదాపు కనబడదు.

జేపీఈజీ ఫైలును తెరవడంలోనూ ఇదే మెలకువ ఉంది. ఈ ఫైళ్ళను చదివే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ భాండాగారం లిబ్‌జేపీఈజీ, చిత్రాన్ని నేరుగా సగం, పావు, ఎనిమిదో వంతు పరిమాణంలో విప్పగలదు. పూర్తి చిత్రాన్ని విప్పకుండా 3,000 × 2,000 పరిమాణంలో తీసుకుంటే ముద్రణకు అది చాలినంత. కెమెరాలోనే చిన్న పరిమాణం ఎంచుకుంటే తీగ ద్వారా కంప్యూటర్‌కు చేరే సమయమూ తగ్గుతుంది.

రెండో పొదుపు: ముందే సిద్ధం చేసుకోవడం

నేతలో పడుగు ముందే సిద్ధమై ఉంటుంది. మగ్గం మీద కూర్చున్నాక నడవవలసింది పేక ఒక్కటే. వెనుక దృశ్యాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. ప్రతి అతిథికీ తాజ్‌మహల్ ఫైలును మళ్ళీ తెరిచి, మళ్ళీ కుదించడం వృథా. 1,800 × 1,200 పరిమాణానికి తెచ్చిన దృశ్యం మెమరీలో సుమారు 65 లక్షల బైట్లు ఆక్రమిస్తుంది. పది దృశ్యాలను వేడుకకు ముందే విప్పి ఉంచినా సాధారణ కంప్యూటర్‌కు భారం కాదు.

లెక్కలనూ ముందే కట్టి ఉంచవచ్చు. జేపీఈజీ ప్రతి పిక్సెల్‌ను వెలుగుకు ఒకటి, రంగుకు రెండు చొప్పున అంకెలుగా దాచుతుంది. రంగు అంకెల జతలు మొత్తం 65,536 మాత్రమే. ఏ జతకు ఎంత తొలగించాలో ఒక పట్టికలో రాసి ఉంచితే, చిత్రం వచ్చినప్పుడు ఎక్కంలా చదువుకుంటూ పోవచ్చు. మామూలు తీసివేతకు ఈ ఏర్పాటు అక్కరలేదు. అంచులను మెత్తబరిచే కష్టమైన సూత్రాలు వాడేటప్పుడు మాత్రం లాభం స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రోగ్రామ్ రాసే తీరు కూడా ముఖ్యమే. ఒక్కో పిక్సెల్‌ను విడివిడిగా అడిగి తెచ్చుకుని, లెక్క కట్టి, తిరిగి పెట్టే ప్రోగ్రామ్‌లు బాగా నెమ్మదిగా నడుస్తాయి. ఒక పిక్సెల్ లెక్కకు పక్క పిక్సెల్‌తో పని లేదు కాబట్టి అనేక పిక్సెళ్ళను ఒకేసారి తేల్చవచ్చు. నేటి సాధారణ ప్రాసెసర్లలోని 128 బిట్ల ఆదేశాలు ఒక్క విడతలో 16 అంకెల మీద పనిచేస్తాయి. గ్రాఫిక్స్ చిప్ ఉంటే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఆలస్యం నిజంగా ఎక్కడ?

కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లో ముందుకు తెచ్చిన వాదన ఇక్కడ గుర్తుంచుకోదగినది. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మిగిలిన భాగాలకు పట్టే సమయం అలాగే ఉంటుంది.

ఉదాహరణకు ఒక బూత్‌లో అతిథులు కుదురుకోవడానికి 15 సెకన్లు, చిత్రం కంప్యూటర్‌కు చేరడానికి 3, తెర తొలగించడానికి 20, ముద్రణకు 12 సెకన్లు పడుతున్నాయనుకుందాం. మొత్తం 50 సెకన్లు. ఒకరి పని పూర్తయ్యాకే మరొకరిని పిలిస్తే 3 గంటల విందులో 216 ఫొటోలు వస్తాయి. తెర తొలగించే పనిని 1 సెకనుకు తగ్గిస్తే ఆ సంఖ్య 348 అవుతుంది.

ఒక ఫొటో ముద్రణలో ఉండగానే తరువాతి అతిథులను నిలబెట్టే ఏర్పాటు చేస్తే లెక్క మారిపోతుంది. అప్పుడు వేగాన్ని నిర్ణయించేది అన్నిటికన్నా నెమ్మదైన ఒక్క దశ మాత్రమే. పై ఉదాహరణలో అది 15 సెకన్ల నిలబాటు. 3 గంటల్లో 720 ఫొటోలకు వీలుంటుంది. బట్టల మిల్లులో ఒక తాను రంగు తొట్టిలో ఉండగా మరొకటి ముద్రణలో, ఇంకొకటి మడతలో ఉన్నట్లే ఇదీ.

జరీ చీరతో చిక్కు

ఎంత మంచి ప్రోగ్రామైనా చెడు వెలుగును పూర్తిగా సరిదిద్దలేదు. సూరత్ జరీ పనితనానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ జరీయే పచ్చ తెర ముందు పరీక్ష పెడుతుంది. మెరిసే లోహపు పోగు చుట్టూ ఉన్న రంగును అద్దంలా ప్రతిఫలిస్తుంది. తెర నుంచి వచ్చే పచ్చని నీడ అంచు మీద పడితే అక్కడ చీర చిల్లులు పడినట్లు కనిపిస్తుంది.

దీనికి మందు తెర దగ్గరే ఉంది. అతిథులను తెరకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టాలి. తెరకు వేరుగా, సమానంగా వెలుగు పరచాలి. మెరుపు లేని, ముడతలు లేని బట్ట వాడాలి. కెమెరాలో వెలుగు, రంగుల అమరికలను స్వయంచాలకంగా వదిలేయకుండా స్థిరంగా ఉంచాలి. అప్పుడు ఒకసారి నిర్ణయించిన హద్దులు రాత్రంతా పనికివస్తాయి. ప్రతి చిత్రానికీ మళ్ళీ సవరణ అక్కరలేదు కనుక ఇది కూడా వేగమే.

ఆకుపచ్చ చీరల విషయంలో మాత్రం ఏ సవరణా పూర్తిగా ఆదుకోదు. ఎరుపు 40, పచ్చ 130, నీలం 60 ఉన్న చీరకు తేడా 70 వస్తుంది. తెరతోపాటు చీరలో చాలా భాగం మాయమవుతుంది. అందుకే బూత్‌లో నీలి తెర కూడా సిద్ధంగా ఉండాలి. లెక్కలో పచ్చ, నీలం స్థానాలు మార్చుకుంటే అదే ప్రోగ్రామ్ పనిచేస్తుంది. బట్టల నగరంలో నీలి బట్ట దొరకడం కష్టం కాదు.

తెర లేకుండానే మనిషిని వేరుచేసే కృత్రిమ మేధ పద్ధతులు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చాయి. అవి రోజురోజుకూ మెరుగుపడుతున్నాయి. అయితే జుట్టు కొసలు, పల్చని మేలిముసుగు, వేలాడే జుంకాల వద్ద అవి తడబడే సందర్భాలు ఉన్నాయి. పైగా వాటి లెక్కలు బరువైనవి. నిలకడైన వెలుగు ఉన్న చోట పచ్చ తెర ఇప్పటికీ తేలికైన మార్గం.

ఎంత వేగం చాలు?

అతిథులు కుదురుకోవడానికే 15 సెకన్లు పడుతున్నప్పుడు తెర తొలగించే పనిని 1 సెకను నుంచి పదో వంతుకు తగ్గించినా వరుస కదలికలో మార్పు రాదు. అక్కడితో వేగం కోసం తపన ఆపి, మిగిలిన సమయాన్ని జుట్టు అంచులకు, చీర కొంగుకు, ముఖం మీది పచ్చ ఛాయను తుడవడానికి వెచ్చించడం మేలు. వరుసలో ఎంతసేపు నిలబడ్డారో అతిథులు మరునాటికి మరిచిపోతారు. అవ్వ పట్టుచీర అంచు తెగిపోయిన ఫొటో మాత్రం ఆ ఇంటి గోడ మీద ఏళ్ళ తరబడి ఉంటుంది.